వెండెల్ ఓటు వేశాక తిరగరాసిన వీలునామా

మిసిసిపీ రాష్ట్రం, టాలో బెండ్ ఊరు, పాత పత్తి మిల్లు రోడ్డులో కాపురముంటున్న లూవీనియా గేథర్స్ అనే నేను, కీర్తిశేషుడు ఆమోస్ గేథర్స్ భార్యను, వయసు ఎనభై రెండు, నా బుద్ధి నా స్వాధీనంలో ఉండగా, ఒకరి బలవంతం లేకుండా, నా పిల్లలకూ ఈ కాగితం అమలు చేసేవారికీ రాసి ఇస్తున్న వీలునామా. డాక్టరు నా గుండె గురించి చాలా చెప్పాడు గాని బుర్ర గురించి ఏమీ అనలేదు. సొంత చేతిరాత అయితే సాక్షులు అక్కర్లేదని లాయరు మిస్ పెటిగ్రూ చెప్పింది. అయినా ఇద్దరిని పెట్టాను. రేపు ఎవరైనా ఇది నా రాత కాదంటే నేను లేచి వచ్చి చెప్పలేను కదా.

1. ఇంతకు ముందు రాసినవన్నీ రద్దు. ముఖ్యంగా నాలుగేళ్ల కిందటి వీలునామాలో నా కూతురు మాక్సీన్ మీద పెట్టిన బరువు రద్దు. ఏటా జనవరిలో నా కొడుకు వెండెల్ కాగితాల కట్ట పట్టుకుని మెంఫిస్ నుంచి వచ్చి మా శాసనసభ్యుణ్ణి కలవాలని, వాడి ఓటు తిరిగి ఇచ్చే బిల్లు నెగ్గేదాకా మానకూడదని, మానితే కుట్టుమిషను ఇవ్వరాదని రాశాను. అమ్మా మాక్సీన్, ఇక రానక్కర్లేదు. మిషను నీదే. చర్చికి పెట్టుకునే నా టోపీలు ఆరూ నీవే. ఊదారంగు దాని అట్టపెట్టెలో కలరా ఉండలు వేసి ఉంచు, లేకపోతే పురుగు పడుతుంది.

2. ఈ ఇల్లు, దాని చుట్టూ ఉన్న ఎకరం నేల నా కొడుకు వెండెల్ గేథర్స్‌కు సర్వ హక్కులతో చెందాలి. హద్దు మా నాన్న చెప్పిన కాలువ గట్టు కాదు. సర్వేయరు దిగ్గొట్టిన ఇనప మేకులే హద్దు. నాలుగు మేకులకూ ఎర్ర రంగు వేయించాను. గడ్డి కోసేటప్పుడు కదల్చవద్దు.

3. ఆ హద్దు సంగతి కోర్టువారికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. 1990లో ఇంటి పైకప్పు కారుతుంటే, కాలువ గట్టు మీది రెండు ఓకు చెట్లు మనవేనని, కొట్టి అమ్మమని వెండెల్‌కు చెప్పింది నేను. మా నాన్న మాటే నాకు పటం. అసలు పటంలో అవి పక్క ఆసామివి. దొంగతనం కేసు పెట్టారు. వెండెల్‌కు ఇరవై నాలుగేళ్లు. సర్కారు ఇచ్చిన లాయరు కోర్టు వరండాలో పది నిమిషాలు మాట్లాడాడు. నేరం ఒప్పుకుంటే జైలు లేకుండా ఈ పూటే ఇంటికి పంపుతారన్నాడు. ఇంట్లో పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతున్నాయి, సెగ తగ్గించానో లేదో గుర్తులేదు. "ఒప్పేసుకో నాయనా, ఇంటికి పోదాం" అన్నాను. వాడు నా మొహం చూసి ఒప్పుకున్నాడు. దాంతో ఓటు పోతుందని మాకెవరూ చెప్పలేదు. రెండేళ్ల తర్వాత ఓట్ల వరసలో నిలబడితే, పేరు కొట్టేశామని అందరి ముందూ వెనక్కి పంపారు. మా నాన్న, నల్లవాళ్లకు ఓటు దక్కనివ్వని రోజుల్లో, ఓటు రాయించుకున్నందుకు తెల్లదొర పొలంలో పని పోగొట్టుకున్న మనిషి. ఆయన మనవడి ఓటు నా మాటతో పోయింది. ముప్పై రెండేళ్లు ఇదే ఆలోచన.

మా రాష్ట్రంలో పోయిన ఓటు తిరిగి రావాలంటే ఆ మనిషి పేరు మీద బిల్లు పెట్టాలి, రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు ఔననాలి. వెండెల్ వదిలేయమన్నాడు. నేను వదల్లేదు. మొదటి ఏడు మా బిల్లు ఎవరూ తీయనే లేదు. రెండో ఏడు ఒక సభ ఔనంది, రెండోది పట్టించుకోలేదు. ఈ వసంతంలో రెండూ ఔనన్నాయి. గవర్నరు సంతకం పెట్టలేదు. పెట్టకపోయినా గడువు దాటితే చట్టమేనని మిస్ పెటిగ్రూ అంది. సంతకం లేని కాగితం ఎలా చెల్లుతుందని ఆమెకు పదకొండు సార్లు ఫోను చేశాను. ఆమె ఓపికకు నా తేనె సీసాలు రెండు ఇవ్వాలి.

పోయిన మంగళవారం ఓట్లు వేసే ఫైర్ స్టేషనుకు వాడి వెనకే వెళ్లాను. పేర్ల పుస్తకం దగ్గర ఓజెల్లా క్రంప్ కూర్చుంది. అప్పుడు వాణ్ణి వెనక్కి పంపమంటే పంపింది కూడా ఆమే, పాపం, తర్వాత వారం రోజులు మా ఇంటి వైపు రాలేదు. ఆమె వేలు పెట్టి పేజీ కిందికి చూస్తుంటే, ఆ వేలితోపాటే నేనూ పేర్లు తలకిందులుగా చదివాను. "ఉన్నావురా వెండెల్. ఇన్నాళ్లూ ఎటు పోయావు?" అంది. "ఇక్కడే ఉన్నానత్తా, నీ పుస్తకంలోనే లేను" అన్నాడు. వరసంతా నవ్వింది. లోపలికి వెళ్లినవాడు ఎంతసేపటికీ బయటికి రాడు. కాగితం పాడుచేశాడేమో, కళ్లు తిరిగాయేమో అనుకున్నాను. వచ్చాక అడిగితే, "అన్ని పేర్లూ చదివానమ్మా, స్కూలు బోర్డుకు నిలబడ్డవాళ్లవి కూడా" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు నిద్ర పడుతోంది. తలుపు గడియ కూడా ఒక్కసారే చూసుకుంటున్నాను.

4. ఓజెల్లాకు నా ఇనప పెనం, కేకు గిన్నె. కానుక పుచ్చుకునేవాళ్లు సాక్షి సంతకం పెట్టరాదన్నారు, అందుకే ఆమెను పెట్టలేదు. తప్పుగా అనుకోవద్దని చెప్పండి.

5. నా మరిది హోసియాకు డొమినోల పెట్టె. ప్రతి ఎన్నికలకూ మా అరుగు మీద కూర్చుని, "ఓటు లేనోడికి ఊసులెందుకురా, ఆట ఆడుకో" అని వెండెల్‌ను అనేవాడు. ఇక ఆయనే ఆడుకోవచ్చు. క్షమించానా అని పాస్టరు అడిగితే, సగం అని చెప్పండి.

6. ఈ వీలునామా అమలు మాక్సీన్ చూడాలి. తొందరపడి దేనిమీదా సంతకం పెట్టవద్దు. ఎవరు తొందరపెట్టినా ఇంటికి తెచ్చి చదువుకోండి.

7. నా చావు ఓట్ల రోజుకు తగిలితే ఆ రోజు నన్ను పూడ్చవద్దు. ఎవరూ నా దగ్గర కూర్చోవద్దు. వెండెల్ ముందు వెళ్లి ఓటు వేసి రావాలి. వరస పొడుగ్గా ఉంటే నిలబడాలి, లోపల అన్ని పేర్లూ చదవాలి. నేను ఆగుతాను.

2024 నవంబరు 9, శనివారం, మా ఇంటి భోజనాల బల్ల దగ్గర నా చేత్తో రాసి సంతకం చేశాను.

లూవీనియా గేథర్స్

చూసి సంతకం చేసిన సాక్షులు:
ఎల్బర్ట్ మోస్లీ, పాస్టరు
కోర్డీలియా స్పైట్, పక్కింటావిడ