మామిడి వాసన వేసినందుకు అనర్హమైన విత్తనం గురించి

పండ్ల, కాయగూరల ప్రదర్శన ప్రత్యేకాధికారి వారికి,
పొందూరు పక్కన గెడ్డపేటలో సేద్యం చేసుకొను గురుగుబెల్లి అప్పలసూరి రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: ప్రదర్శనకని తీసుకుపోయిన మామిడి అల్లం విత్తనమును మృగశిర కార్తె లోపల తిరిగి ఇప్పించుట గురించి.

1. నా భార్య దాలమ్మ కాపురానికి వచ్చిననాడు పుట్టింటి నుంచి కొంగున కట్టుకొని తెచ్చిన దుంప ఇది. ఏటేటా తవ్వి, కొంత పచ్చడికి ఉంచుకొని, మిగిలినది విత్తనానికని నీడన గుంట తీసి ఇసుకలో కప్పుకొంటున్నాము. ఆమె పుట్టింట ఇప్పుడు ఆ మొక్క లేదు. మా చుట్టుపక్కల ఎవరికీ లేదు.

2. గత నెల నేను శ్రీకాకుళం గ్రంథాలయానికి పోయిన సమయమున గ్రామసేవకుడు రంగనాథం వచ్చి, ఆ గుంట తవ్వి, విత్తనమంతా బస్తాకెత్తినాడు. "ఇత్తనం బాబూ, తినీది కాదు" అని దాలమ్మ మొత్తుకొన్నది. "నాలుగు రోజుల్లో తెచ్చెస్తాను కదేటి అత్తా, నీ పేరు పేపర్లో పడతాది" అన్నాడు. పేరు పడలేదు. బస్తా ఖాళీగా తిరిగివచ్చినది.

3. బస్తాతో వచ్చిన చీటీలో న్యాయనిర్ణేత తీర్పు యథాతథముగా ఇది: "అల్లమునకు మామిడి వాసన పట్టినది. మామిడికాయలతో కలిపి నిల్వచేసినట్లున్నది. అనర్హము." సంతకం వానపాములా ఉన్నందున ఆ మహానుభావుడెవరో తెలియరాలేదు. అయ్యా, మామిడి వాసన వేయుటే దాని గుణం. వైద్యగ్రంథాలలో దాని పేరే ఆమ్రగంధి. ఆమ్రమనగా మామిడి. పైగా అది అల్లం కన్నా పసుపుకే దగ్గర చుట్టం. ఆ తీర్పు చదివి వినిపించగా దాలమ్మ అన్నది: "ఓలమ్మ! మావిడల్లం మావిడికాయ వోసన ఎయ్యక సేపల వోసన ఏస్తాదేటి? ఆ సదువుకున్నోడి ముక్కుకేటైనాది?"

4. అట్లు అనర్హమైన సరకును ప్రదర్శన వంటశాలలో పచ్చడి నూరి అధికారులకు వడ్డించినారట. పోటీకి పనికిరానిది విస్తట్లోకి ఏ జీ.వో. ప్రకారం పనికివచ్చినదో సెలవివ్వగోరుచున్నాను. నేను తెల్లదొరల పాలన కూడా చూచినాను. వారు శిస్తు పట్టుకుపోయినారు గాని విత్తనం నూరుకొని తినలేదు.

5. పెరట్లో మడి దున్ని, పెంట వేసి ఉన్నది. దాలమ్మ పొద్దున లేచి ఆ ఖాళీ మడి వైపు చూచి, తరువాత నా వైపు చూచుచున్నది. ఆ చూపుకు ఏ శాఖ వారు సమాధానం చెప్పుదురో నాకు తెలియదు.

కావున, నూరగా మిగిలిన దుంప, కన్నున్న ముక్క ఒక్కటైనా సరే, ఆ వంటశాల మూలల్లోంచి ఏరించి పంపవలెనని, తిన్నవానిని విచారించి శిక్షించవలెనని కోరుచున్నాను. చిత్తగించవలెను. చిత్తము లేనిచో కనీసం చివరిదాకా చదవవలెను.

తమ విధేయుడు,
గురుగుబెల్లి అప్పలసూరి
గెడ్డపేట, 27 మే 1968

తా.క.: ఇది కవరులో పెట్టుచుండగా రంగనాథం మళ్ళీ బస్తాతో దిగినాడు. "మావా, మావిడల్లం ఇంకేటైనా ఉన్నాదా? ఆ పచ్చడి బాగున్నాదని మా పెద్దయ్యగారు మరీ మరీ అడగతన్నారు." ఏ పెద్దయ్య అన్నాను. తమరి పేరు చెప్పినాడు. చీటీ చూపగా ఆ వానపాము కూడా తమరిదే అన్నాడు. దాలమ్మ బస్తా లాక్కొని, "ఇత్తనం తెచ్చినరోజు అట్టుకెల్లు. ఈపాలి మీ అయ్యగారి పేరు మేం ఏయిస్తాం పేపర్లో" అని లోపల పడేసినది.

అర్జీ మార్చలేదు. శిక్షించవలెనన్న కోరిక కూడా అట్లే ఉన్నది. పైన "తమ విధేయుడు" అన్న చోట మాత్రం కొట్టివేసుకొనవలెను.