రెండు ఇసుక మూటలు

అన్నయ్యా,

మీ బావగారు పుస్తకం చూసి వసారాలో పడవ చేస్తున్నారంటే నువ్వు పడీపడీ నవ్వావు. అది పూర్తయింది. అడుగు చెక్కల మధ్య గోరు దూరే సందులున్నాయి. నీళ్లు తగిలితే చెక్క ఉబ్బి అవే మూసుకుపోతాయట. బరువు సరిచూడాలని నన్నూ పాపనూ తూచి, అంతంత ఇసుకతో రెండు మూటలు కట్టి పడవలో పెట్టారు.

“మరి మీ మూటేదండీ?” అన్నాను.

“నేను ఒడ్డున తాడు పట్టుకునుంటాగా, నీకేం భయం?” అన్నారు. ఈమధ్య నాతో ఇంత నెమ్మదిగా మాట్లాడిందే లేదు.

నాకూ పాపకూ ఈత రాదు. ఆదివారం ఏట్లో దింపుతారట. శనివారానికల్లా రా. నేను రాశానని అనకు, పడవ చూద్దామని వచ్చానను. మేకులూ రంగూ తెడ్లూ అన్నీ కొన్నారు. ఇల్లంతా వెతికాను అన్నయ్యా, తాడు మాత్రం లేదు.

నీ చెల్లి