నేను కలపని మందు

లక్కడ్‌కోట్,
ఆషాఢం, 1996.

చిరంజీవి సమ్మన్నకు, మీ బాపు ఆశీర్వదించి, ఎవరిచేతా రాయించకుండా తానే రాస్తున్నది. అక్షరాలు వంకరగా ఉంటే కూడబలుక్కుని చదువు. ఇక్కడ మీ అమ్మ, నీ భార్య గిరిజ, నీ బిడ్డ ప్రణాలి, నేను క్షేమం. కోళ్లు క్షేమం కాదు.

నువ్వు అడిగినవాటికి జవాబు. ప్రణాలికి జ్వరం తగ్గింది. షెడ్డు రేకు ఇప్పుడు కురవడం లేదు, నేనే ఎక్కి తారు పూశాను. కోళ్లెలా ఉన్నాయని మాత్రం ప్రతి పేజీలో అడిగావు. పుణె ఫ్యాక్టరీలో ఉన్నవాడికి కోళ్ల మీద ఇంత రంది ఏమిటా అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది.

నువ్వు పుణె పోయాక షెడ్డులో దింపిన కోడిపిల్లలకు కూడా ఎప్పటిలాగే నేలవేము, తిప్పతీగ, ఎల్లిగడ్డ, పసుపు మరగబెట్టి, ఆ కషాయం దాణాలో కలిపాను. వానలకు కింద పరిచిన పొట్టు తడిసింది. రెట్టలో రక్తం పడింది. రెక్కలు వేలాడేసి మూలలకు చేరి చచ్చాయి. కషాయం ఇంకా చిక్కగా కాచాను. అయినా చచ్చాయి. అప్పుడు నీ భార్య నోరు విప్పింది.

"మామా, నువ్వు పొలం పోయినంక ఆయన నీళ్ల డబ్బాలల్ల తెల్ల పొడి కలుపుతుండె. ఎవ్వలకు చెప్పద్దని నాతోని ఒట్టేయించిండు."

"ఎప్పటిసంది?"

"మొదటిసంది."

"నా ముంగట చెప్పనీకి నోరు లేదా వానికి?"

"చెప్తే కలపనిస్తుంటివా మామా?"

కలపనిచ్చేవాణ్ణి కాదు. డబ్బా తన్నేవాణ్ణి. కానీ నా ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలిసేది. కషాయం ఉత్తదని ఇప్పటికీ అనను. మేత బాగా తింటాయి, ఈక నిగనిగలాడుతుంది. ఆ రోగానికి అది చాలదని నీకు తెలుసు. తెలిసి కూడా నన్ను రాజురా మందుల దుకాణం గడప మీద, నా కోళ్లకు మీ మందు అక్కర్లేదని మీసం తిప్పనిచ్చావు. పక్కనే నిలబడి నవ్వావు.

మన పక్కింటి బాలమ్మ సంగతి నీకు రాయలేదు. నువ్వు పోయాక ఆమె కూడా కోళ్లు పెట్టింది. మందు కొననా అన్నా అని అడిగితే, "ఇంగ్లీషు మందు నీకెందుకు? నా షెడ్డుకొచ్చి చూడు," అన్నాను. మొగుడు పోయిన మనిషి, నా మాట నమ్మింది. నాకు సగమన్నా మిగిలాయి. ఆమెకు ఒక్కటి మిగల్లేదు. గొయ్యి నేనే తవ్వాను.

మర్నాడు ఆమె వాకిట్లో అందరి ముందు చెప్పాను.

"నేను దొంగతనంగ మందు కలుపుతుంటి బాలమ్మా. నీకు చెప్పలే."

"థూ! నువ్వు మనిషివేనా అన్నా?"

ఎందుకలా చెప్పావని అడగకు. ఊరు దొంగ అంటే తలెత్తుకుని నడవగలను. కన్నకొడుకు చేతిలో ఇన్నాళ్లు బేవకూఫ్ అయ్యాడంటే నడవలేను. నువ్వొచ్చి నిజం చెప్పి నన్ను ఉద్ధరించే పని పెట్టుకోకు.

అంతటితో అయిపోలేదు. తిరిగి వస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"ఆ మందు పేరన్న చెప్పిపో. మళ్ల పిల్లలను తెస్త."

ఆ పేరు నాకు తెలిస్తే కదా! గిరిజకూ తెలియదు, పొడి ఉత్త కాగితం పొట్లంలో తెచ్చేవాడివట. రాజురా దుకాణంలో అడుగుదామంటే ఏ మొహంతో ఆ గడప ఎక్కను? రేపు చెప్తానని వచ్చేశాను. అప్పటినుంచి ఆమె ఇంటి ముందు నుంచి పోకుండా చుట్టు తిరిగి పోతున్నాను.

ఆ పేరు రాయి. ఎన్ని నీళ్లకు ఎంత కలపాలో రాయి. పెద్ద పెద్ద తెలుగు అక్షరాలతో రాయి, నేను చదవాలి. ఇంకే సంగతీ రాయకు.

ఇట్లు,
నిన్ను నమ్మిన బాపు,
రాయమల్లు