పక్కనుంచి పడిన వెలుగు

కిబ్దో పట్టణంలో, అత్రాతో నది రేవు వీధిలో కాపురముంటున్న ఫోటోగ్రాఫరు నిమియా రెంతేరియా అనే నేను, అరవై నాలుగేళ్ల వయసులో, ఒళ్లు సడలినా తెలివి సడలకుండా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. నాకు మతి తప్పిందని మా తమ్ముడు ఎవెలియో వీధిలో చెప్పుకు తిరుగుతున్నాడట. పోయిన శనివారం కూడా పెళ్లి ఫోటోలు తీశాను. మతి తప్పినదాన్నయితే ఫోటోలో ఎవరో ఒకరి తల తెగిపోయేది. దీన్ని అమలు చేసే బాధ్యత విశ్రాంత పంతులమ్మ సెల్ఫిదా పలాసియోస్‌కు అప్పగిస్తున్నాను.

1. నా రెండు ఫ్లాష్‌లు, పొడుగు వైర్లు, స్టాండ్లు, ఒక తెల్ల లోపావడా, ఇవన్నీ ఎవెలియో కూతురు, నా మేనకోడలు యిర్లేసాకు సర్వహక్కులతో చెందాలి.

లోపావడా సంగతి ఆమెకు తెలియాలి. 1974లో నేను దోన్ అర్నుల్ఫో స్టూడియోలో పనిచేసేదాన్ని. ఆయన ఫ్లాష్‌ను కెమెరా నెత్తినే బిగించి ఎదురుగా కొట్టేవాడు. మా నల్లటి ముఖాలు నుదుటి మీద జిడ్డు మెరుపుతో, మిగతాదంతా మసిగా వచ్చేవి. అందుకని అందరికీ ముందే తెల్ల పౌడరు పట్టించేవాడు. ఒకరోజు సెల్ఫిదా కొత్తగా పంతులమ్మ పట్టా పుచ్చుకుని ఫోటోకి వచ్చింది. పౌడరు ముఖాన్ని అద్దంలో చూసుకుని, తొట్టి దగ్గరికెళ్లి కడిగేసుకుంది.

"పట్టా నాది. ఫోటోలో ఇంకెవత్తో ఉంటే మా అమ్మకి ఏం చెప్పుకోను?" అంది.

"ఈ మొహాలకి ఎంత వెలుగు పోసినా ఇంతేలే" అంటూ ఆయన భోజనానికి పోయాడు.

నేను ఫ్లాష్‌ను కెమెరా మీంచి ఊడదీశాను. పొడుగు వైరు తగిలించి, ఆమె ఎడమ పక్కన, తలకంటే కాస్త ఎత్తున నిలబెట్టాను. నేను కట్టుకున్న లోపావడా విప్పి, ఫ్లాష్‌కీ ఆమెకీ మధ్యలో తాడు కట్టి ఆరేశాను. వెలుగు గుడ్డంతా పరుచుకుని ఆమె మీదికి మెత్తగా దిగింది. రెండో చెంప నీడలో మునగకుండా తెల్ల అట్ట పెట్టాను. ఫోటో కడిగితే చెంప నునుపు, పెదవి అంచు, కళ్లలో పొగరు, అన్నీ ఉన్నాయి.

దోన్ అర్నుల్ఫో తిరిగొచ్చి ఫోటోను బల్ల మీద బోర్లా పెట్టాడు. లోపావడా చూసి "బట్టలారేసుకోవడానికి ఇది రేవు కాదు, పో" అన్నాడు. పోయాను. నెల తిరక్కుండా ఊరు ఫోటోల కోసం నా ముందుగదికి వచ్చింది.

2. దోన్ అర్నుల్ఫో కొడుకు ఫాబియోకు: ఆనాడు నేను చెప్పకుండా ఎత్తుకొచ్చిన పౌడరు డబ్బా. దొంగతనం ఒప్పుకుంటున్నాను. పశ్చాత్తాపం లేదు.

3. ఇల్లు, స్టూడియో గది కూడా యిర్లేసాకే. "ఫోన్లొచ్చాక నీ గుడ్డలెవరిక్కావాలక్కా, అమ్మేద్దాం" అంటాడు ఎవెలియో. ఆ ఫోన్లే ఇప్పుడు అడక్కుండా పౌడరు పూస్తున్నాయి. కనుక షరతు: ఆ గదిలో ఎవరి చర్మాన్నీ తెలుపు చేయరాదు, వాళ్లే బతిమాలినా సరే. చేస్తే ఇల్లు రేవు వీధి ఆడవాళ్ల సంఘానికి పోతుంది. ముఖం సరిగా రాకపోతే, యిర్లేసా, గుడ్డను ఇంకాస్త దగ్గరికి జరుపు.

4. ఎవెలియోకు అమ్మ ఆఖరి ఫోటో. నువ్వు పడవ పనిలో ఉండగా తీసింది. అమ్మ ఒళ్లో ఉన్నది నీ చొక్కానే, వదలమంటే వదల్లేదు. ఇన్నేళ్లూ ఇవ్వనిది నా మొండితనం.

5. నా శవపేటిక మీద, తొమ్మిది రోజుల ప్రార్థనల్లో, పోయిన నెల నాకు నేనే తీసుకున్న ఫోటో పెట్టాలి. నవ్వలేదు, కావాలనే. ముడతలున్నాయి, నలుపుంది. "కాస్త తేట చేయిద్దాం" అని ఎవరన్నా సరే, పాదిరిగారైనా సరే, సెల్ఫిదా వారిని గుమ్మం బయటికి దాటించాలి. నన్ను చూడదలచినవాళ్లు ఇలాగే చూస్తారు.

చదువుకుని, ఒక్క మాటా కొట్టివేయకుండా చేవ్రాలు చేశాను.

కిబ్దో, 2016 ఆగస్టు 9.

(సం.) నిమియా రెంతేరియా కువెస్తా

మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:
ఎనెయిదా మురిల్యో, దర్జీ
లిసీమాకో పెరెయా, పడవ సరంగు