కావాలి అనే మాట

కోవిల్‌పట్టి పక్క మన ఊరు
1934, పంగుని నెల

బంగారు తల్లి పంచవర్ణానికి,

నాయన దీవించి రాసేది. నా రాత కోడి గీకినట్టు ఉంటుంది, తప్పులూ ఉంటాయి, మన్నించు. అరవంలో అయితే పక్కింటి కందసామి చక్కగా రాసిపెడతాడు. కానీ ఇది ఇంకొకరి చేత రాయించే సంగతి కాదు. ఇసకలో నీకు దిద్దించిన తెలుగు అక్షరాలే నాకు మిగిలినవి. వాటితోనే రాస్తున్నాను.

నీ జాబు అందింది. విరుదునగర్ బడిలో టీచరమ్మ ఇంగిలీసు మాటల పుట్టుక చెప్పిందని రాశావు. వాలంటరీ అంటే తన ఇష్టంతో చేసేది, బెనవొలెంట్ అంటే మేలు కోరేది, రెండూ లాటిన్ అనే పాత భాషలో ఇష్టపడటం అనే మాట నించి పుట్టాయని. అడాప్ట్ అనే మాట ఇంకో వేరు నించి వచ్చినా అందులోనూ ఉన్నది కోరుకోవడమేనని. ఆ మాట కింద గీత గీసి అడిగావు, “నాయనా, నన్ను కోరి తెచ్చుకున్నారా, దిక్కులేదని పెట్టుకున్నారా?” అని.

బావి దగ్గర మూక్కమ్మాళ్ “పసుపునీళ్ళ బిడ్డకు ఇంగిలీసు చదువొకటే తక్కువ!” అన్నది నీ చెవిన పడిందట. నీ జాబు చదివినప్పుడు అమ్మ చెప్పింది. నిజమే తల్లీ. నిన్ను కన్నది మేము కాదు. నీ కాళ్ళు పసుపునీళ్ళతో కడిగి, ఆ నీళ్ళు అమ్మా నేనూ తాగి నిన్ను బిడ్డను చేసుకున్నాము. నీ కన్నతండ్రి అమ్మ తమ్ముడే, మన సాత్తూరు మామ దామోదరసామి.

నీ కన్నతల్లి పురిట్లోనే పోయింది. కర్మ నాడు అందరూ వాకిట కూర్చుని పసిదాన్ని ఎవరు సాకేదని మాట్లాడుకున్నారు. “మా ఇంట ఎద్దులకే మేత లేదు” అన్నారొకరు. “ఆడబిడ్డ కదా” అన్నారొకరు. నన్నెవరూ అడగలేదు. నా నోట మాట రావాలంటే బావిలో చేద వేయాలని అమ్మ అంటుందే, అట్లాంటివాణ్ణి. నువ్వు చాటలో పండుకుని ఏడవకుండా అందరి మొగాలూ చూస్తున్నావు. నేను లేచి నిలబడి, “ఈ పిల్ల మాకు కావాల” అన్నాను. పెద్దగా అరిచానేమో, అందరూ తిరిగి చూశారు. “అరె, చౌడయ్యకు నోరుంది!” అని మా మామ, అమ్మ వాళ్ళ నాయన, నవ్వాడు, చావింట్లో. అమ్మ ఏడ్చింది. నలుగురిలో నేను నోరు తెరిచింది ఆ ఒక్కసారే. మీ టీచరమ్మ చెప్పిన కోరుకోవడం అదేనో కాదో నాకు తెలీదు.

ఇంకొకటి. మొన్న దామోదరసామి వచ్చాడు. రెండో పెండ్లానికి పిల్లలు లేరు. “బావా, సెలవులకు పంచవర్ణాన్ని మా ఇంటికి రానీ. ఇక అక్కడే ఉండనీ” అన్నాడు. కళ్ళలో నీళ్ళు. చెడ్డవాడు కాదు. “ఇచ్చిన సొరకాయను తిరిగి అడిగినట్టు అడుగుతావేరా!” అని అమ్మ తిట్టింది. నేను “దాన్నే అడుగుదాం” అన్నాను. అప్పటినించి అమ్మ నాతో మాట్లాడటం లేదు.

నా ఇష్టం రాయను. రాస్తే నీ తలమీద మూటవుతుంది. అప్పుడు నీకు నోరు లేదు, నేనడిగాను. ఇప్పుడు నీకు నోరుంది, ఇంగిలీసు కూడా ఉంది.

అక్కడ ఎక్కితే రైలు మొదట సాత్తూరులో ఆగుతుంది. దిగాలనిపిస్తే దిగు, నాకు కోపం లేదు. దిగకపోతే కోవిల్‌పట్టిలో ఎద్దులబండి కట్టుకుని ఉంటాను. దిగినా ఉంటాను, ఆ రైలు వెళ్ళిపోయేదాకా.

ఏనాడు బయలుదేరేదీ రాయి. జాబు తొందరగా రాయి తల్లీ.

నీ నాయన
చౌడయ్య


విరుదునగర్

నాయన పాదాలకు పంచవర్ణం మొక్కి రాసేది.

సాత్తూరు మామను స్టేషనుకు రమ్మని రాశాను. రైలు ఆగినంతసేపు కిటికీలోంచి మాట్లాడతాను. సెలవుల్లో ఓనాడు వాళ్ళింటికి మీరే నన్ను తీసుకుపోవాలి. టికెట్టు మాత్రం కోవిల్‌పట్టికే.

నలుగురిలో మాట్లాడాలంటే నాకూ సిగ్గే, మీ బిడ్డను కదా. నిన్న అందరి ముందూ టీచరమ్మ “సెలవులకు ఎవరింటికి పోతావు?” అని అడిగింది. లేచి నిలబడ్డాను. “మా నాయన కావాలి” అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, అమ్మాయిలంతా నవ్వారు.

శుక్రవారం పగటి రైలుకు వస్తాను. అమ్మ మీతో మాట్లాడుతోందా? వెంటనే రాయండి.

మీ
పంచవర్ణం