పూలదండల ఫోటో

పూతలపట్టు,
ఫిబ్రవరి 1947.

పనామాలో ఉన్న మీకు వరదమ్మ నమస్కారాలు. ఇక్కడ అందరూ బాగున్నారు, నేనొక్కదాన్ని తప్ప.

అత్త కన్ను ఎలా ఉందని అడిగారు. ఆపరేషన్ అయ్యాక బియ్యంలో రాళ్లు తనే ఏరుతోంది. మీరు పంపిన పత్రికలో ఫోటోను మొదట చూసింది కూడా తనే. మీరూ, మీ పత్రికకు వార్తలు రాసే ఆ రోసా పక్కపక్కన, ఇద్దరి మెడల్లో పూలదండలు! "అయ్యో, నా కొడుకు ఆడ పెండ్లి చేసుకున్నాడే!" అని వీధంతా వినేలా ఏడ్చింది. పక్కింటి వసంతమ్మ పరుగెత్తుకొచ్చి, "దండలు మార్చుకున్నాక ఇంకేముండాదక్కా" అని నన్ను పట్టుకుంది. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

మండదా మరి? ప్రతి జాబులోనూ రోసా, రోసా. కాలువ దగ్గరి అమెరికా దొరల కోసం మీ అచ్చాపీసు వేసే ఇంగ్లీషు పత్రిక, స్పానిష్ మాట్లాడే ఆ ఊరివాళ్ల పేటలో దొంగతనం జరిగితేనే రాస్తుందట. ఈమె ఇల్లిల్లూ తిరిగి వాళ్ల పెండ్లిళ్లూ చావులూ రాసుకొస్తుందట. యజమానితో పోట్లాడి వాళ్ల భాషలో ఒక పేజీ సాధించిందట. మంచి పనే, కాదనను. కానీ ఆమె చెంప మీది పుట్టుమచ్చ సంగతి నాకెందుకు రాశారు?

ఫోటో కింద వాళ్ల భాషలో ఏముందో తెలియక ముద్ద దిగలేదు. చిత్తూరు మిషన్ ఆసుపత్రిలో స్పెయిన్ సిస్టరమ్మ ఉందని విని బస్సెక్కి పోయాను. ఆమె చదివి నవ్వింది. "పెండ్లి కాదమ్మా. ఆ పేజీ మొదలైన రోజు పండగ. మీ ఊరి మర్యాదని నీ మొగుడే దండలు తెప్పించినాడంట."

ప్రాణం లేచొచ్చింది. "ఇంకా ఏముండాది?" అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఈయనకు నా అనేవాళ్లెవరూ లేరు, మన పేటే ఈయన కుటుంబం అని రాసినారు."

అప్పుడొచ్చింది ఏడుపు. ఆ మాట రోసా ఊహించిందా, మీరే చెప్పారా? ఆ భాష బాగా వచ్చిందని, ఆ పేజీకి అక్షరాలు కూర్చేది మీరేనని మీరే రాశారు. అంటే ఆ మాటనూ మీ చేత్తోనే కూర్చారు. నేను చదవలేననే ధైర్యంతో పంపారా?

ఇంతవరకు దాచింది ఒకటుంది. ఆ రోజే అత్తకు చెప్పకుండా చిత్తూరులో ఒంటరిగా ఫోటో తీయించుకున్నాను. ఈ జాబులోనే పెట్టాను. పెద్ద పత్రిక పట్టించుకోనివాళ్ల పేర్లు రోసా అచ్చు వేయిస్తుంది కదా, నా పేరూ వేయించమనండి. 'ఈయన భార్య వరదమ్మ, పూతలపట్టులో ఉంది' అని ఆ పేజీలోనే రావాలి. అక్షరాలు మీరే కూర్చండి. ఆ పత్రిక వస్తే మీకు ఇక్కడ ఇల్లుంది. రాకపోతే ఆ పేటే మీ కుటుంబం.

ఇట్లు,
ఇంకా అచ్చులోకెక్కని మీ భార్య,
వరదమ్మ