ఖాళీగా వదిలిన డబ్బా

సిద్దిపేట, ఆదివారం రాత్రి

మా తమ్ముడి బిడ్డ స్వప్న నా భివండీ కథను, అంటే పడుచుతనంలో మగ్గాల పనికి అంత దూరం పోయి ఏళ్ల తరబడి ఉండిపోయిన కథను, ఫోన్‌లో ఆడే ఆటగా చేసింది. కంప్యూటర్‌లో డబ్బాలు గీసి, వాటి మధ్య బాణాలు వేస్తుంది. కథ రెండు దారులుగా చీలిన చోట ఆడేవాళ్లే ఒకటి నొక్కాలట. నాకైతే వినేవాళ్లు ఊ కొడితే చాలు, మిగతాది నేను చూసుకునేవాణ్ణి. ఊ కొట్టడం మాత్రం తక్కువ విద్యా? మా మగ్గాల వాడలో ఒకాయన నిద్రలో కూడా... సరే, అది ఇప్పుడెందుకు.

సాయంత్రం ఇంట్లో అందరూ చూస్తుండగా స్వప్న ఫోన్ మా ఆవిడ చేతికిచ్చింది. ఇన్నేళ్లూ ఆ కథకు ఊ కొట్టిన మనిషి. తెర మీద పడుచు నేతగాడు, అంటే నేనే, భివండీ బస్సు ముందు నిలబడ్డాడు. ఎక్కాలా, ఇంటికి పోవాలా? ఆమె ‘ఇంటికి’ నొక్కింది.

అందరి ముందే గద్దించాను. “గది కాదే! నేను బస్సెక్కిన. ఇన్నిసార్లు చెప్పిన, కథ ఎరుక లేదా?”

“ఎరుకనే. గందుకే గిది నొక్కిన.”

తెర తెల్లగా నిలిచిపోయింది. స్వప్న మెల్లగా అంది: “పెద్దబాపూ, గా డబ్బాల ఏం రాయాల్నని అడిగితే, గది ఎవ్వలు నొక్కరు, ఇడిసిపెట్టుమన్నవ్ గదా.”

మా ఆవిడ ఫోన్ ఇచ్చేసి లోపలికి వెళ్లిపోయింది.

నేను లేని ఏళ్లు ఆమెకెట్లా గడిచాయో నా కథలో ఒక్క మాట లేదు. ఆ డబ్బా నింపుదామని ఇంతసేపూ కూర్చున్నాను. నేతగాడు వెనక్కి వస్తాడు, తలుపు కొడతాడు. తలుపు తీసి ఆమె ఏమంటుందో నాకు తెలియడం లేదు. పక్క గదిలోనే ఉంది. అడగడానికి సిగ్గుగా ఉంది.